రెండో దారి: నైరుతి మూల గుంత

కిందటి వారం శిరీషను ఒక కాగితం ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. పెన్ను చేతిలో ఉంది గానీ మూత తియ్యలేదు.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం జరిగింది కొంచెం చెప్పుకుందాం. రాయదుర్గం మెట్రో స్టేషన్ వెనక ఒక అద్దాల మేడ ఉంది. రెండు రాష్ట్రాల్లో రక్తపరీక్షల ల్యాబులు నడిపే ఒక పెద్ద సంస్థకు ఆ మేడలోని కంపెనీ నెట్‌వర్క్ చూసిపెడుతుంది. ఏ ఊళ్ళో ఎవరి రక్తం తీసినా, ఫలితం ఈ మేడ మూడో అంతస్తులోని ఒక చల్లటి గదికి వచ్చి, ఇక్కడి నుంచి డాక్టరుకు వెళ్ళాలి. ఆ గదికి బయటి ప్రపంచంతో రెండు దారులున్నాయి. వేర్వేరు టెలికం కంపెనీలు వేసిన రెండు కేబుళ్ళు. ఒకటి మేడ ముందు నుంచి వస్తుంది, ఒకటి వెనక నుంచి. ఒకటి తెగితే రెండోది అందుకుంటుంది. ఆ ఒక్క హామీ మీదే కాంట్రాక్టు నిలబడి ఉంది.

సోమవారం ఒక కేబుల్ తెగింది. రెండోది అందుకోలేదు. సాయంత్రం దాకా ఫలితాలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఆపరేషన్ కోసం పచ్చ గౌను తొడుక్కుని కూర్చున్న రోగులను కొన్ని ఆసుపత్రుల్లో లేపి ఇంటికి పంపేశారు. ఆ ఉదయమే శిరీష రెండు దారులకూ సంబంధించిన సెట్టింగు ఒకటి మార్చింది. అనుమతి తీసుకునే మార్చింది. అయినా చివరగా చెయ్యి పెట్టింది ఎవరని వెతికితే ఆమె పేరు దొరికింది. దొరికాక ఇక ఎవరూ వెతకలేదు.

ఇప్పుడు ఆమె ముందున్న కాగితంలో ఉన్నది ఇది: రెండో లైను సవ్యంగానే ఉంది, ఇంజనీరు చేసిన తప్పు మార్పు వల్ల అది పనిచెయ్యలేదు. కింద సంతకానికి చోటు. మూడింటికి ల్యాబుల సంస్థ తరఫున పుణ్యవతి గారు ఫోనులో మాట్లాడతారు. ఆలోగా సంతకం కావాలి. సంతకం పెడితే ఈ ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, రాయదుర్గం నుంచి గచ్చిబౌలి దాకా ఏ కంపెనీ గేటు దగ్గరికి వెళ్ళినా ఈ కాగితం ఆమె కంటే ముందే వెళ్ళి కూర్చుంటుంది.

"చదివారా అమ్మా?" అన్నాడు మేనేజర్ సుబ్రహ్మణ్యం, మూడోసారి. కాకినాడ మనిషి. ఎంత కోపం వచ్చినా గొంతు లేవదు, మర్యాద తగ్గదు. ఉద్యోగం తీసేసేటప్పుడు కూడా ముందు మంచినీళ్ళిచ్చి తీస్తాడని ఆఫీసులో పేరు.

"చదివాను సార్. ఇది నిజం కాదు."

"నిజమని నేనూ అనట్లేదండి. క్లయింటుకు ఒక సమాధానం కావాలి. ఇది సమాధానం."

"రెండో లైను బాగుందని రాశారు. అది బాగాలేదు. రెండూ ఒకే క్షణంలో ఆగిపోయాయి సార్."

"లైటు పచ్చగానే ఉంది కదమ్మా. స్క్రీను మీద నేనూ చూశాను."

ఆ పచ్చ లైటు మాట వింటే శిరీషకు ఒళ్ళు మండుతుంది. చేరిన నాటి నుంచీ చెబుతూనే ఉంది. టెలికం కంపెనీ వాళ్ళు మన గదిలో ఒక చిన్న పెట్టె పెట్టి వెళ్తారు. మన రూటర్ నుంచి ఆ పెట్టె దాకా మూరెడు వైరు. ఆ మూరెడు వైరు బాగుంటే లైటు పచ్చగా వెలుగుతుంది. పెట్టె దాటాక కేబుల్ ఉందో, ఎలుకలు కొరికాయో, ఎవడైనా కోసుకుపోయాడో ఆ లైటుకు తెలియదు. వీధి గుమ్మంలో దీపం వెలుగుతోంది కాబట్టి బస్సు రోడ్డు బాగుందని నమ్మడం లాంటిది ఇది. సోమవారం ఉదయం ఆమె పెట్టిన మార్పు కూడా అందుకే. రెండు దారుల అవతలి చివరలనూ క్షణక్షణం పిలిచి, పలుకుతున్నాయో లేదో రాసుకునే ఏర్పాటు. అది పెట్టిన రోజే రెండు చివరలూ ఒక్కసారిగా మూగబోయాయని అదే రాసి పెట్టింది. దొంగను చూసిన కుక్కనే దొంగ అన్నట్టుంది ఇప్పుడు వరస.

ఇదంతా సుబ్రహ్మణ్యానికి చెప్పింది. నిన్నా చెప్పింది, మొన్నా చెప్పింది. ఆయన తల ఊపుతూ వింటాడు. వినడంలో ఆయనను మించినవాళ్ళు లేరు.

"రెండు కంపెనీలు, రెండు రోడ్లు. రెండూ ఒకే క్షణంలో ఎలా పోతాయండీ? మీ ఏర్పాటే తప్పు చూపించి ఉంటుంది," అన్నాడు. "ఒకటి ఎక్కడో రోడ్డు మీద తెగిందని కంపెనీ వాళ్ళు చెప్పారు. అతికించారు. అయిపోయింది."

గోడ మీద నెట్‌వర్క్ బొమ్మ వేలాడుతోంది. ముందు నుంచి నీలం గీత, వెనక నుంచి ఎర్ర గీత, మధ్యలో మేడ. కంపెనీ చూడ్డానికి ఎవరొచ్చినా ముందు ఆ బొమ్మ దగ్గరే నిలబెట్టి ఫొటో తీస్తారు. శిరీష దాన్ని చాలాసేపు చూసింది. ఆ గీతలు గీసిన మనిషి ఎప్పుడైనా కిందికి వెళ్ళి చూశాడా అనిపించింది. ఆ మాటకొస్తే తనెప్పుడైనా చూసిందా.

"భోజనాలయ్యేదాకా టైమివ్వండి సార్."

"తప్పకుండానండి. కానీ రాసింది మారదు."

మేడ వెనక గేటు పక్కన కేబుల్ లోపలికి వచ్చే చోట ఇనప మూత వేసిన గుంత ఉండాలి. బొమ్మలో అలాగే ఉంది. శిరీష వెళ్ళేసరికి అక్కడ మూత లేదు, గుంత లేదు. ఆమె భుజాల ఎత్తున ఒక బండరాయి ఉంది. చుట్టూ గులకరాళ్ళు పోసి, రెండు చిన్న లైట్లు పెట్టారు. పక్కన మేడ నిర్వహణ చూసే అనిల్ నీళ్ళ ట్యాంకరు డ్రైవరుతో గొడవ పడుతున్నాడు. అనిల్‌ది ఖాజాగూడ. ఈ మేడలు లేవకముందు నుంచీ వాళ్ళ ఇల్లు అక్కడే ఉంది, అందుకని ఈ చుట్టుపక్కల ప్రతి రాయీ తన చుట్టమే అన్నట్టు మాట్లాడతాడు.

"అనిల్ గారూ, ఇక్కడ కేబుల్ గుంత ఉండాలి. ఏదండీ?"

"గుంతనా? గుంత లేదు మేడం. బండ ఉంది."

"బండ కనబడుతోంది. దాని కింద గుంత ఉండాలి కదా."

"కింద గుంత ఉంటే పైన బండ ఎట్ల నిలుస్తది మేడం? మీరు ఇంజనీరే గదా."

ట్యాంకరు డ్రైవరు నవ్వాడు. శిరీష నవ్వలేదు. ఆమె ముఖం చూసి అనిల్ కొంచెం తగ్గాడు.

"జర ఇటు రాండ్రి, ఎండల ఎందుకు," అని నీడలోకి తీసుకెళ్ళాడు. "పోయిన ఏడు చైర్మన్ సార్ కాలు ఇరిగింది, ఎర్కేనా?"

"తెలుసు. దానికీ దీనికీ ఏంటి?"

"గదే చెప్తున్న. గాయన దోస్తులు ఎవరో వాస్తు సిద్ధాంతిని తోలిండ్రు. గా సిద్ధాంతి వచ్చి బిల్డింగంత తిరిగి, గీడికొచ్చి గుంతను జూసి తల పట్టుకున్నడు. నైరుతి మూల గుంత ఉంటే యజమాని మంచంల పడ్తడంట. పూడ్చి బరువు పెట్టమన్నడు. మా ఊరి గుట్టల కాడికెళ్ళి నేనే తెప్పిచ్చిన ఈ బండ. మంచిగ లేదా?"

"బాగుంది. మరి ఆ గుంతలో ఉన్న కేబులు?"

"మార్చినం."

"ఎక్కడికి?"

"ముంగటికి. ఈశాన్యంల గుంత ఉంటే మంచిదంట. అండ్ల మీ ఇంకో వైరు ఉంది గదా, గదే గుంతలకెళ్ళి, గదే పైపులకెళ్ళి దీన్ని గూడ తీస్కపోయినం. కంపెనీవోడు ఒప్పుకోకపోతే నేనే సమ్‌జాయించిన." అనిల్ మెచ్చుకోలు కోసం ఒక్క క్షణం ఆగాడు. "రెండు ఒక్కతాన్నే ఉంటే మీకే అల్కగ ఉంటది మేడం. ఒక్క మూత తీస్తే రెండు కనబడ్తయ్."

శిరీషకు ముందు గేటు గుర్తొచ్చింది. రోజూ మెట్రో దిగి ముందు గేటులోంచి లోపలికి వస్తుంది. నాలుగు రోజులుగా అక్కడ ఎర్రమట్టి కుప్ప ఉంది. చెప్పులకు మట్టి అంటిందని తిట్టుకుంటూ దాని చుట్టూ తిరిగి వస్తోంది. నీళ్ళ పని ఏదో జరుగుతోందనుకుంది.

"ముందు ఆ తవ్వకం దేనికండీ?" అని అడిగింది, జవాబు తెలిసిపోయినా.

"సంపు. నీళ్ళ సంపు గూడ ఈశాన్యంలనే ఉండాలె గదా. సోమవారం మంచి రోజని జూసే కొబ్బరికాయ కొట్టినం. జేసీబీ రెండు బకెట్లు తీసిందో లేదో, వైర్లు పండ్లకు తట్టుకొని వచ్చినయ్. రెండు."

"రెండూ తెగాయి."

"తెగవా మరి. జేసీబీ మేడం అది, గోరు గాదు."

"ఈ సంగతి ఎవరికీ ఎందుకు చెప్పలేదు అనిల్ గారూ? నాలుగు రోజుల నుంచి నా ప్రాణం తీస్తున్నారు పైన."

అనిల్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎందుకు చెప్పలే? మీ సుబ్రహ్మణ్యం సార్‌కు గప్పుడే ఫోన్ జేసిన. కిందికొచ్చి నిలబడి జూసిండు గదా, దుమ్ము పడకుండ ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకొని. రెండు కంపెనీలోళ్ళు వచ్చి అతికిచ్చి పోయేదాక ఉన్నడు. మీకు చెప్పలేదా?"

లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లెక్కి వెళ్ళింది. దారిలో ఎవరో ఆపి, తన సీటు దగ్గర వైఫై నెమ్మదిగా ఉందని, ఒకసారి చూస్తారా అని అడిగారు. నెట్‌వర్క్ బాగున్న రోజు మీరెందుకు ఉన్నారంటారు, పోయిన రోజూ మీరెందుకు ఉన్నారంటారు, మిగతా రోజుల్లో వైఫై చూడమంటారు. శిరీష చూస్తానని చెప్పి నడిచింది. కోపంలో కూడా చూస్తాననే నోటికి వచ్చినందుకు తన మీద తనకే చిరాకేసింది.

సుబ్రహ్మణ్యం తన గదిలో క్యారేజీ విప్పి పెరుగన్నం కలుపుతున్నాడు.

"రండమ్మా. భోంచేశారా?"

"సోమవారం కిందికి వెళ్ళి చూశారట."

ఆయన చెయ్యి ఆగింది. మళ్ళీ కలపసాగింది. "వెళ్ళానండి."

"రెండూ తెగాయని మీకు తెలుసు."

"తెలుసండి."

ఆమె ఇంకేదో అడగాలని వచ్చింది. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని అనుకోలేదు. అబద్ధమాడినా బాగుండేది, కనీసం పోట్లాడటానికి ఒక గోడ ఉండేది.

"కూర్చోండి. నిలబడి మాట్లాడితే కోపం పెరుగుతుంది," అన్నాడాయన. "చూడండి శిరీష గారూ. మనిషి పొరపాటు చేసిందంటే క్లయింటు నాలుగు మాటలని ఊరుకుంటాడు. మనిషిని మార్చామంటాం, శాంతిస్తాడు. రెండు దారులని చెప్పి ఒక్క దారే ఇస్తున్నామని తెలిస్తే కాంట్రాక్టే ఉండదు. ఈ అంతస్తు అంతస్తంతా రోడ్డున పడుతుంది. అందరికీ ఇంటి లోన్లు, పిల్లల చదువులు. మీరు చిన్నవారు, ఒంటరి మనిషి, నిజాంపేటలో అద్దెకుంటున్నారు. మీకు ఇంకోచోట దొరుకుతుంది. నేను నలుగురితో మాట్లాడి పెడతాను కూడాను."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఆమెను ఎక్కువ విసిగించింది. తన జీవితాన్ని ఆయన పెరుగన్నంలో ఆవకాయ ముక్కలా పక్కకు తీసి పెట్టాడు, చాలా జాగ్రత్తగా, వేళ్ళకు నూనె అంటకుండా.

"సరే సార్. నేను సంతకం పెట్టి వెళ్ళిపోయాననుకోండి. అతికించిన కేబుళ్ళు ఇప్పుడెక్కడున్నాయి?"

"ఎక్కడున్నాయంటే..."

"అదే గుంతలో. అదే పైపులో. సంపు పని ఇంకా అవ్వలేదు. రేపు మళ్ళీ తెగితే ఎవరి సంతకం తీసుకుంటారు?"

సుబ్రహ్మణ్యం ముద్ద నోట్లో పెట్టుకోబోయి దించేశాడు. "అప్పటికి చూద్దామండి."

"చైర్మన్ గారికి ఈ సంగతి తెలుసా?"

"ఆయనకా? వాస్తు తప్పని ఆయనతో ఎవరు చెబుతారమ్మా. కాలు విరిగిన మనిషి."

"వాస్తు తప్పని నేను అనట్లేదు. వాస్తు నాకు తెలియదు. కేబుళ్ళు ఎక్కడున్నాయో చెబుతానంతే." శిరీష లేచింది.

"ఉండండి, ఉండండి. చెయ్యి కడుక్కుని వస్తాను," అంటూ సుబ్రహ్మణ్యం లేచాడు. ఆమె ఆగలేదు. ఆయన కుడిచేతిని గాలిలో అలాగే పట్టుకుని వెనకే లిఫ్టెక్కాడు.

చైర్మన్ గోవిందప్పది అనంతపురం వైపు. భూముల వ్యాపారంలో పైకొచ్చి, మేడ కట్టి, మేడ ఖాళీగా ఉందని అందులో కంపెనీ పెట్టినవాడు. పై అంతస్తులో పెద్ద గది. పక్కన చేతికర్ర ఆనించి ఉంది. ఎదురుగా గోడంత స్క్రీను మీద మూడో అంతస్తు గదిలో పచ్చ లైట్లు చూపించే మ్యాపే ఇక్కడా కనిపిస్తోంది, అన్ని ఊళ్ళూ పచ్చగా. దానికేసి చూస్తూ ఆయన వేరుశనగలు తింటున్నాడు.

"ఎవరప్పా ఈ పాప?"

"మన నెట్‌వర్క్ ఇంజనీరండి. సోమవారం..." సుబ్రహ్మణ్యం నసిగాడు.

"ఓ. ఆ తప్పు చేసిన పాపనా."

శిరీషకు చెవులు వేడెక్కాయి. "తప్పు నేను చెయ్యలేదు సార్. చెప్పడానికే వచ్చినాను."

ఆ 'వచ్చినాను' విని గోవిందప్ప తల తిప్పి చూశాడు. "యా ఊరు మీది?"

"కదిరి పక్కన సార్."

"ఊ. కూర్చో. చెప్పు."

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? రూటరు, పెట్టె, పచ్చ లైటు, అవతలి చివర... ఇవన్నీ నాలుగు రోజులుగా చెప్పి చెప్పి ఆమె నోరు అరిగిపోయింది. ఇంకోసారి చెప్పే ఓపిక లేదు. గోడ మీద ఫొటోలో గోవిందప్ప తన చీనీ తోటలో, బత్తాయి చెట్ల మధ్య నిలబడి ఉన్నాడు.

"సార్, ఆ తోటకు బోర్లెన్ని ఉన్నాయి?"

"రెండు. ఎందుకు?"

"ఒకటి చాలదా సార్?"

"ఒకటి ఎండిపోతే చెట్లు మాడిపోవల్లనా ఏమి? నువ్వూ కదిరి పిల్లవే కదా, తెలీదా?"

"మీ తోట చూసే మనిషి రెండో బోరు తవ్వకుండా, ఒకే బోరులో రెండు మోటర్లు దించి, రెండు బోర్లుండాయని మీకు చెబితే?"

"తంతాను నా కొడుకును."

"మన కేబుళ్ళు అట్లే ఉండాయి సార్. వెనక గుంత పూడ్చి, రెండూ ముందు గుంతలోకే తెచ్చినారు. సంపు తవ్వుతుంటే రెండూ ఒక్కసారే తెగినాయి."

గోవిందప్ప చేతిలోని వేరుశనగలు బల్ల మీద పోశాడు. ఆ మనిషి చదివింది తక్కువే కావచ్చు, బోరు ఎండటం అంటే ఏమిటో ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"సుబ్రమణ్యం. ఇది నిజమేనా?"

"నిజమేనండి. సిద్ధాంతి గారు చెప్పారని..."

"సిద్ధాంతికి ఈ వైర్ల సంగతి చెప్పినావా?"

"లేదండి."

"నాకు చెప్పినావా?"

"తమరి కాలు..."

"నా కాలు సంగతి నేను చూసుకుంటా. వైరు సంగతి చూసేదానికే కదప్పా నీకు జీతం." గోవిందప్ప శిరీష వైపు తిరిగాడు. "తప్పు నీది కాదు పాపా. ఆ కాగితం చించేయి. మూడింటికి ఫోనులో నువ్వే మాట్లాడు. కానీ ఒకటి విను. నైరుతిలో గుంత మళ్ళీ తవ్వేది లేదు. అది మాత్రం అడగొద్దు."

"నైరుతే కానక్కర్లేదు సార్. దక్షిణం గోడ మీదుగా స్తంభం నుంచి తెచ్చినా సరే. ఏ దిక్కు నుంచైనా తేండి, ఆ ముందు గుంతలోంచి వద్దు."

"గాల్లో వస్తే దోషం ల్యా కదా?"

"అది నాకు తెలియదు సార్."

"కనుక్కుందాంలే," అన్నాడాయన.

శిరీషకు ఒక్కసారిగా ఒళ్ళు తేలికైంది. వెంటనే ఆకలేసింది. నాలుగు రోజుల తరవాత మొదటిసారి ఆకలేసింది. అంతలో గోవిందప్ప స్క్రీను కేసి చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు: "మరి విజయవాడా, కర్నూలూ, వరంగల్లూ..."

"వాటికేమైంది సార్?"

"మన మిగతా సెంటర్లు. వాటికీ ఆయప్పే వాస్తు చూసినాడు."

సుబ్రహ్మణ్యం, చెయ్యి ఇంకా అలాగే గాలిలో పట్టుకుని, కుర్చీలో కూలబడ్డాడు. స్క్రీను మీద ఆ మూడు ఊళ్ళూ నిగనిగలాడుతూ పచ్చగా ఉన్నాయి. శిరీష స్క్రీనుకు వీపు పెట్టి గోవిందప్ప వైపు తిరిగింది.

"అక్కడ కూడా గుంతలు పూడ్చారా సార్?"

"నైరుతి గుంత యాడున్నా పూడ్చమన్నాడు. పూడ్చినాం." గోవిందప్ప కర్ర అందుకుని లేచి నిలబడ్డాడు. "అది ఇప్పుడెందుకు. ఇక్కడిది చెప్పు చాలు. మిగతావి మెల్లగా సరిచేస్తాం."

"పుణ్యవతి గారు అడిగితే?"

"అడగదులే."

మూడింటికి అదే గదిలో బల్ల మధ్య ఫోను పెట్టి, స్పీకరు వేసి కూర్చున్నారు ముగ్గురూ. పుణ్యవతి గారు ఏలూరు మనిషి, ప్రభుత్వ టెలిఫోను శాఖలో చేసి రిటైరై ల్యాబుల సంస్థలో చేరారు. గొంతులో ఇంకా ఆఫీసు ఉంది.

"నాలుగు రోజుల నుంచి సమాధానం అడుగుతున్నానండి. ప్రతిసారీ ఒక కొత్త మర్యాద వినిపిస్తున్నారు తప్ప ఇంకేం లేదు. ఇవాళైనా ఎవరన్నా విషయం చెబుతారా?"

శిరీష చెప్పింది. వాస్తు అన్న మాట వాడలేదు. రెండు కేబుళ్ళూ ఒకే గుంతలో ఉన్నాయని, తవ్వకంలో రెండూ తెగాయని, గదిలోని లైటు అది చూపించలేదని చెప్పింది. దాచకుండా, సాగదీయకుండా.

"మొదటిసారి నాకు అర్థమయ్యేలా చెప్పారు," అంది పుణ్యవతి. "మీ పేరేంటమ్మా?"

"శిరీష అండి."

"శిరీష గారూ, ఒక్కటే అడుగుతాను. ఇలా ఉన్నది ఆ ఒక్క బిల్డింగేనా? మిగతా ఊళ్ళలో దారులు విడివిడిగానే ఉన్నాయా?"

గోవిందప్ప కళ్ళెత్తి ఆమెనే చూస్తున్నాడు. ఒక్క బిల్డింగే అన్నట్టు చూపుడువేలు మెల్లగా ఎత్తి చూపించాడు. గంట కిందట ఆమె ఉద్యోగం నిలబెట్టింది ఆ చెయ్యే. సుబ్రహ్మణ్యం బల్ల కిందికి చూస్తున్నాడు. శిరీషకు ఇద్దరి మీదా కోపం రాలేదు. అలసట వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఈ ఊళ్ళో ఒక్క రోజులో ఎన్ని అంతస్తులెక్కాలి?

"బొమ్మలో విడివిడిగా ఉన్నాయండి," అంది. "నేలలో ఎట్ల ఉన్నాయో నేను చూడలేదు. ఇక్కడ మార్చినట్టే అక్కడా మార్చారని ఇప్పుడే తెలిసింది. వెళ్ళి చూసి వచ్చేదాకా అవి రెండు దారులని నేను చెప్పలేను."

గోవిందప్ప వేలు ఎత్తినట్టే ఉండిపోయింది. సుబ్రహ్మణ్యం కళ్ళు మూసుకున్నాడు.

లైను పోయిందేమోనని అలవాటు కొద్దీ శిరీష స్క్రీను వైపు చూసింది. అంతలో పుణ్యవతి గొంతు వచ్చింది. ఈసారి తగ్గి వచ్చింది.

"స్పీకరు ఆపండి. ఫోను మీ చెవి దగ్గర పెట్టుకోండి. మీరొక్కరే వినాలి."

శిరీష స్పీకరు ఆపింది. గోవిందప్ప ముందుకు వంగాడు, ఏమీ వినపడక మళ్ళీ వెనక్కి వాలాడు.

"మీరు చెప్పకపోయినా తెలిసింది, ఇది సిద్ధాంతి పని. ఆయన్ను మీ చైర్మన్ గారి దగ్గరికి పంపింది ఎవరో తెలుసా మీకు?" పుణ్యవతి దాదాపు గుసగుసలాడుతోంది. "మా ఎండీ గారు. మీకు నాలుగు సెంటర్లే. మా ల్యాబులన్నిటికీ ఆ సిద్ధాంతి చేతే చూపించారు. వెనక గుంత మిగిలిన ల్యాబు ఒక్కటీ లేదు మాకు. టెలిఫోన్స్‌లో అన్నేళ్ళు చేసిన దాన్ని, నాకు తెలియదా అది తప్పని? ఎండీ గారి ముందు నోరు పెగల్లేదమ్మా. సోమవారం నుంచి మీ మీద అరుస్తున్నాను గానీ, ఎవరి మీద అరవాలో నాకు తెలుసు."

"మేడం, మరి ఇప్పుడు..."

"ఇప్పుడు ఎండీ గారు లోపలికి వస్తున్నారు. మీరు నాకు చెప్పిన మాటే, అలాగే చెప్పండి. నా వల్ల కాలేదు."

తలుపు తెరుచుకున్న చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. పుణ్యవతి గొంతు దూరంగా, "నెట్‌వర్క్ అమ్మాయండి, పూడ్చిన వెనక గుంతల సంగతి మీతో మాట్లాడాలట," అనడం వినిపించింది. ఫోను చేతులు మారింది. ఒక బరువైన దగ్గు.

"ఎవరమ్మా నువ్వు," అంది ఒక మగ గొంతు, నింపాదిగా. "మా నైరుతి తవ్వమంటున్నది నువ్వేనా?"